కేజీకి ముందు మూడేళ్లు

"ఇంటికాడ కూసొని చేసే పనేనాయె, పిల్లను చూసుకుంటనే చేసుకోవచ్చు గదా!" బీడీలు చేసే తల్లుల గురించి మా గంభీరావుపేటలో ఈ మాట అనని వాళ్లు తక్కువ. నేనూ అన్నాను. అది ఎంత తప్పో ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా పక్కింటి కోడలికి ఎనిమిది నెలల పాప. కాన్పయిన మూడో నెలలోనే మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుంది. ఒకరోజు పొద్దంతా వాళ్లింట్లో కూర్చున్నాను. తునికాకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. పాపను ఎత్తుకుంటే చేతులు ఆగుతాయి, చేతులు ఆగితే లెక్క తగ్గుతుంది. పాలివ్వాలంటే ముందు తంబాకు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పాప పాకుతూ చాట మీదికి వస్తుందని నడుముకు పాత చీర చుట్టి మంచం కోడుకు కట్టేసింది. "పాకే ఈడుల కట్టేస్తున్ననక్కా" అంది. నాకు నోట మాట రాలేదు.

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు పంచిన వాళ్లం మనం. ఆ ఈడు విలువ మనకు తెలియక కాదు. మొదటి మూడేళ్లలోనే మెదడు అన్నిటికన్నా వేగంగా ఎదుగుతుందని డాక్టర్లూ చెబుతారు. బిడ్డ 'ఊ' అంటే ఎదురు 'ఊ' అనే మనిషి కావాలి. ఒకే గదిలో ఉన్నంత మాత్రాన ఆ మనిషి ఉన్నట్టేనా?

"మా అమ్మలు చెట్టుకు జోలె కట్టి పొలం పని చేయలేదా?" అంటారు. చేశారు. జోలె ఊపడానికి ఒక ముసలవ్వ ఉండేది. ఇప్పుడు ఆ అత్త కూడా పక్కన కూర్చుని బీడీలే చేస్తోంది, కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు.

ఉద్యోగం చేసే తల్లికి 2017 నుంచి 26 వారాల జీతంతో సెలవుంది. మంచిదే. ఇంటి దగ్గర బీడీలు చేసేవాళ్లూ కార్మికులేనని 1966లోనే చట్టం చేశారు. మా పక్కింటి కోడలికి మాత్రం కూలితో ఒక్కరోజు సెలవు కూడా అందలేదు.

2023 ఫిబ్రవరిలో మా ఊళ్లో కేజీ నుంచి పీజీ క్యాంపస్ మొదలైనప్పుడు అందరం మురిసిపోయాం. మరి కేజీకి ముందు సంగతి? మూడేళ్లు నిండితే అంగన్‌వాడీలో కూర్చోబెట్టుకుంటారు. అంతకన్నా చిన్న పిల్లలకు బాలామృతం ప్యాకెట్ ఇస్తారు, బరువు తూస్తారు, ఇంటికి పంపిస్తారు. ఆ ఇంట్లో ఎత్తుకునే చేతులు ఖాళీగా లేవు.

ప్రతి బీడీల ఊళ్లో మూడేళ్లలోపు పిల్లలను పగలంతా చూసుకునే చోటు ఒకటి కావాలి. వెయ్యి బీడీల కూలి లెక్కగట్టేటప్పుడు బాలింత ఇంట్లో కూర్చునే నెలలూ అందులోకి రావాలి. ఇంటి మగవాళ్లు రోజూ రెండు గంటలు పిల్లను ఎత్తుకోవడానికి మాత్రం ఏ చట్టమూ అక్కరలేదు.

ఇప్పుడు పొద్దున పూట ఆ పాప మా ఇంట్లో ఉంటోంది. మొన్న మా వంటింటి గడప పట్టుకుని మొదటిసారి లేచి నిలబడింది. చప్పట్లు కొట్టి, వాళ్లమ్మను పిలిచాను. "ఒక్క కట్ట అయిపోనీ అక్కా, వస్తున్న" అంది. ఆమె వచ్చేసరికి పాప కూర్చుండిపోయింది.