వంటయిల్లు: పలితావు

మన ఉండ్రాళ్లకు దూరపు చుట్టమైన యొక తీపి వంటకమును గూర్చి ఈ మాసమున వ్రాయుచున్నాను. మానుకోటలోని మా అక్కగారి కుమార్తె వైద్యవిద్యకై ఫిలిప్పీన్సు దీవులకు పోయినది. మన తెలుగు పిల్లలు పెక్కుమంది నేడట్లు పోవుచున్నారు. సెలవులలో జనగామకు మా యింటికి వచ్చి, "చిన్నమ్మా! అక్కడ నాకు జ్వరము వచ్చినప్పుడు మా యింటి యజమానురాలు పలితావు చేసి పెట్టినది. దానిని మా అమ్మకు చేసి పెట్టవలెనని యున్నది, నేర్చుకొందమా?" అనెను.

టాగలోగు భాషలో లితావ్ అనగా పైకి తేలుట. బియ్యపు పిండి బిళ్లలను కాగునీటిలో వేసి, తేలిన పిమ్మట తీసి కొబ్బరి కోరులో పొరలించి, చక్కెరయు వేయించిన నువ్వులును చల్లుదురు.

వినుటకు సులభమే. నేను మన యింటి బియ్యపు పిండిని చన్నీటితో కలిపి బిళ్లలు వేయగా నన్నియు విచ్చి గంజియైనవి! పిల్ల నవ్వినది, నాకు నవ్వు రాలేదు. వారు వాడునది మలగ్కిట్ అను జిగురు బియ్యము. దాని పిండి చన్నీటితో కలిపినను విడిపోదు. మన బియ్యమున కా గుణము లేదు.

భూపాలపల్లి నుండి వచ్చియున్న మా అత్తగారు గిన్నెలోనికి తొంగి చూచి, "ఉండ్రాళ్లకు పిండి ఉడకేయవా బిడ్డా?" అనిరి. అంతే!

సోలెడు నీరు మరిగించి, చిటికెడు ఉప్పు వేసి, సోలెడు పొడిపిండి పోసి కలియబెట్టి, వెంటనే దింపి మూతపెట్టవలెను. చేయి పట్టునంత వేడి యుండగనే తడిచేతితో మెత్తగా మర్దించి, చిన్న ఉండలు చేసి, అంచులు పగులకుండ అరచేత నొత్తవలెను. కాగునీటిలో నాలుగైదు చొప్పున వేయుడు. తేలినంతనే తీయక, మరి రెండు నిమిషము లుంచుడు. తడి యారకమునుపే కొబ్బరిలో పొరలింపుడు. చక్కెర తినబోవునప్పుడే చల్లవలెను. ముందుగా చల్లిన నీరు కారును. చక్కెరకు మారుగా బెల్లపు కోరు మేలని నా యభిప్రాయము. పిల్ల మాత్ర మొప్పుకొనలేదు. నువ్వులు వేయించి దంచుట బతుకమ్మ సద్దులు చేయు మనకొకరు నేర్పనక్కరలేదు.

మన బియ్యముతో చేసినవి చల్లారిన గట్టిపడును. పచ్చికొబ్బరియు త్వరగా పులియును. కనుక మానుకోటకు వంటకమును కట్టి పంపక, పిల్లనే పంపితిని. తల్లిని పీటమీద కూర్చుండబెట్టి, వేడివేడిగా చేసి పెట్టినదట. తిరిగి దీవులకు పోవునప్పుడు ఆ యజమానురాలికై డబ్బా నిండ సకినాలు సర్ది యిచ్చితిమి. అవి పదునైదు దినములైనను నిలుచును.