డెబ్బై ఐదేళ్లు ఆగని కాగితం

వాడరేవు సముద్రపు ఒడ్డు నుంచి చీరాల, బాపట్ల, పొన్నూరు మీదుగా గుంటూరు వైపు పోతుంటే దారిలో చేబ్రోలు తగులుతుంది. అక్కడి భీమేశ్వరాలయంలో దొరికిన శాతవాహన రాజు విజయుడి శాసనం సా.శ. 207 నాటిదనీ, దక్షిణ భారతంలో ఇంతవరకు తెలిసిన సంస్కృత శాసనాల్లో అదే పాతదనీ 2019లో పురావస్తు శాఖ ప్రకటించింది. పద్దెనిమిది వందల ఏళ్లు దాటినా ఆ రాతి మీది అక్షరం చదవడానికి వస్తోంది. అదే మండలంలోని కొత్తరెడ్డిపాలెంలో ముప్పై ఏళ్ల కిందటి కాగితం ఎన్నాళ్లు ఉంటుందన్నదే నాకు పట్టుకున్న బెంగ.

కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని తమను తాము పిలుచుకునే కొద్దిపాటి కుటుంబాలు ఉన్నాయి. తెలుగు యూదులు. ఎక్కువమంది మాదిగలు, పెద్దల తరంలో క్రైస్తవులు. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ములు ముందు నిలబడగా 1990ల మొదట్లో సినగాగు అనే యూదుల ప్రార్థనామందిరం ఏర్పాటు చేసుకున్నారు. శనివారం విశ్రాంతి దినం, హీబ్రూ ప్రార్థనలు మొదలయ్యాయి. చెదిరిపోయిన ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం తమదని వాళ్ల విశ్వాసం. దానికి పాత లిఖిత ఆధారం లేదు. ఇజ్రాయెల్ ప్రభుత్వం ఆ సమాజాన్ని యూదులుగా గుర్తించనూ లేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా తెచ్చిన పుస్తకం ఈ సంగతులను కులం, మతం కోణాల్లోంచి ఓపిగ్గా పరిశీలించింది.

ఆ విశ్వాసం నిజమా కాదా తేల్చే పని నాది కాదు, నేను పాత కాగితాలు బాగుచేసేవాణ్ణి. నాకు కనిపించేది ఒక్కటే. వేల ఏళ్ల కిందటి మాట ఎలా ఉన్నా, గుంటూరు జిల్లాలో కొన్ని దళిత కుటుంబాలు మన కళ్లముందే యూదులుగా బతకాలని నిశ్చయించుకుని అలాగే బతుకుతున్నాయి. ఇందులో వాదనకు తావు లేదు, ఇది చరిత్రే. దానికి సాక్ష్యం మాత్రం మనిషి తయారుచేసిన కాగితాల్లో బహుశా అన్నిటికన్నా అధ్వాన్నమైన కాగితం మీద ఉంది.

సర్కారు రికార్డుల్లో ఎలాగూ ఉంటుంది కదా అంటారేమో. ఉండదు. ఎస్సీ హోదాను 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన మాదిగకు మన రాష్ట్రంలో దక్కేది బీసీ-సీ. యూదుడైన మాదిగకు ఆ వరసలో గడి లేదు. పిల్లవాడి సీటుకో, ఇంటి స్థలానికో సర్టిఫికెట్ కావాలంటే ఉన్న గడుల్లోనే ఏదో ఒకటి ఎంచుకోవాలి. కాబట్టి తహసీల్దారు కార్యాలయంలో ఉండే కాగితం, ఇంట్లో శుక్రవారం సాయంత్రం జరిగే ప్రార్థన ఒకే మాట చెప్పనక్కర్లేదు. రేపు చరిత్రకారుడికి ఆఫీసు కాగితం ఒక్కటే మిగిలితే, ఈ మనుషులు ఎప్పుడూ లేరనే తేలుతుంది.

ఈ ప్రమాదాన్ని అందరికన్నా ఘోరమైన పరిస్థితుల్లో గ్రహించినవాడు చరిత్రకారుడు ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లుమ్. నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా గెట్టోలో 1940 నవంబరు నుంచి ఆయన బృందం రహస్యంగా కాగితాలు కూడబెట్టింది. ఉత్తరాలు, డైరీలు, బడిపిల్లల వ్యాసాలు, రేషన్ కార్డులు, ట్రామ్ టికెట్లు, ఆఖరికి మిఠాయిల మీద చుట్టే కాగితాలు కూడా. యూదుల కథ చంపినవాళ్ల దస్త్రాల్లోంచి మాత్రమే రాయబడకూడదన్నది వాళ్ల పట్టుదల. ఆ దస్త్రాలకేం, భేషుగ్గా మిగిలాయి. జర్మనీలోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌లో కోటీ డెబ్బై ఐదు లక్షల మంది పేర్లతో మూడు కోట్ల పత్రాలున్నాయి. శిబిరాల రిజిస్టర్లు, రైళ్ల జాబితాలు, యుద్ధం ముగిశాక నిర్వాసితుల కార్డులు. వాటిలో మనిషి ఒక నంబరు. అతను భార్యకు ఏమని రాశాడో కావాలంటే ఇళ్లలో మిగిలిన ఉత్తరాలే దిక్కు. అందుకే నాజీ మారణకాండ స్మారక సంస్థ యాద్ వాషెమ్ 2011లో ఇజ్రాయెల్ అంతటా ఇంటింటి కాగితాలు సేకరించే ఉద్యమం మొదలుపెట్టింది. దాచినవాళ్లు వెళ్లిపోతున్నారు, ఆ భాషలు చదవడం మనవళ్లకు రాదు. కాగితానికి అసలు గండం అక్కడే ఉంది.

మా వృత్తివాళ్లం రింగెల్‌బ్లుమ్ కథలో ఇంకొక చోట ఆగిపోతాం. 1942 ఆగస్టులో నొవొలిప్కి వీధిలోని ఒక బడి కింద మొదటి విడత కాగితాలను పది రేకు పెట్టెల్లో పాతిపెట్టారు. రెండో విడత రెండు పాలక్యాన్లలోకి వెళ్లింది. 1946 సెప్టెంబరులో పెట్టెలు తవ్వి తీస్తే లోపలికి నీళ్లు చేరి ఉన్నాయి. కాగితాలు నాని, బూజు పట్టి, సిరా అలుక్కుపోయింది. 1950 డిసెంబరులో దొరికిన పాలక్యాన్లలోని కాగితాలు చాలావరకు పొడిగా ఉన్నాయి. మనుషులు వాళ్లే, వీధి అదే, ప్రాణాలొడ్డిన తెగువా అదే. తేడా మూతలో ఉంది. దాదాపు అరవై మంది ఉన్న ఆ బృందంలో యుద్ధం దాటి బతికింది ముగ్గురే. సుమారు 35,000 పుటలు మాత్రం మిగిలాయి, 1999లో యునెస్కో జాబితాకెక్కాయి.

తేమ సంగతికి మన దేశంలోనే ఇంకా పాత రుజువు ఉంది. పన్నెండో శతాబ్దంలో అబ్రహాం బెన్ యిజు అనే యూదు వర్తకుడు మంగళూరు ప్రాంతంలో పదిహేనేళ్లకు పైగా ఉన్నాడు. ఆయన ఉత్తరాలు, లెక్కలు ఈనాడు మనం చదవగలుగుతున్నామంటే అవి కైరోకు చేరడం వల్లే. దేవుడి పేరున్న కాగితాన్ని పారెయ్యకూడదన్న ఆచారంతో అక్కడి సినగాగులో చిత్తుకాగితాలు వేసే గదిలో పడ్డాయి, ఎడారి గాలి వాటిని కాపాడింది. ఏడెన్ నుంచి స్నేహితుడు ఆయనకు కాగితం పంపించేవాడని కూడా ఆ ఉత్తరాల్లోనే ఉంది. ఆ కాగితం మన తీరంలోనే ఉండిపోయి ఉంటే ఏమై ఉండేదో నేను వేరే చెప్పనక్కర్లేదు.

గాలిలో తేమ 65 శాతం దాటితే కాగితం మీద బూజు లేస్తుంది. బాపట్ల తీరంలో ఏడాదిలో చాలా నెలలు అంతకు మించే ఉంటుంది. మిర్చి రైతుకు ఇది పాఠం చెప్పాల్సిన సంగతి కాదు; కళ్లంలో సరిగ్గా ఎండని కాయను టిక్కీలో కుక్కితే లోపలేమవుతుందో అతనికి బాగా తెలుసు. తుపాన్ల మాట సరేసరి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే.

కాగితం సంగతి ఇంకా ఘోరం. పూర్వం పత్తి గుడ్డపేలికలతో చేసిన కాగితం శతాబ్దాలు నిలిచింది. పత్తి పండే ఈ నేల మీదే మన పిల్లలు కలపగుజ్జుతో చేసిన నోటుపుస్తకాల్లో రాస్తారు. అందులో ఊరే ఆమ్లం దాన్నే తినేస్తుంది. 1990ల్లో విదేశాల నుంచి వచ్చిన ఫ్యాక్సులు చాలావరకు వేడికి నల్లబడే పూతకాగితం మీద అచ్చయినవే. మన ఎండల్లో కొన్నేళ్లకే అక్షరం వెలిసిపోయి తెల్లకాగితం చేతిలో మిగులుతుంది. జెరాక్సు కాగితాన్ని పీవీసీ కవర్లో పెడితే నల్లపొడి కవరుకు అంటుకుని అక్షరాలు దాంతోపాటే ఊడొస్తాయి. ల్యామినేషన్ చేయిస్తే భద్రమనుకుంటారు, అది తిరిగి విప్పడం కుదరని పని. బజార్లో ఇరవై రూపాయలకు ల్యామినేట్ చేయించిన పెళ్లిపత్రికలు, పాత ఉత్తరాలు నా బల్ల మీదికి వచ్చినప్పుడు నేను చేయగలిగింది ఫొటో తీసుకోవడమే.

ఆ తర్వాతి పదేళ్లు ఇంటర్నెట్ సెంటర్లవి. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో మూతపడింది, అందులోని సంభాషణలూ పోయాయి. యాహూ మెయిలు ఏడాదిపాటు తెరవకపోతే చెరిపేస్తారు. రెండేళ్లు ముట్టని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది. ఒక పెద్దాయన పోయాక పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకపోతే ఆయన ఇరవై ఏళ్ల ఉత్తరప్రత్యుత్తరాలకు మిగిలిన గడువు అంతే.

చట్టమేమో మరో లోకంలో ఉంది. 1972 పురావస్తువుల చట్టం లెక్కలో రాతప్రతికి డెబ్బై ఐదేళ్లు నిండాలి. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ పెట్టుకున్నదీ అదే కొలత. 1991లో సినగాగులో రాసుకున్న నోటుపుస్తకం 2066 దాకా ప్రభుత్వం దృష్టిలో చిత్తుకాగితమే. అప్పటికి నిజంగానే అయిపోయి ఉంటుంది.

వాడరేవుకు దగ్గర్లోనే, వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఉంది. వందేళ్ల నాటి పత్రికలను ఊరివాళ్ల పూనికతో కాపాడుకొచ్చిన గ్రంథాలయం. అచ్చయిన కాగితానికి అంత చేసిన ప్రాంతం ఇంటి కాగితానికి ఒక చల్లటి, పొడి గది ఇవ్వలేదని నేను అనుకోను. గుంటూరు చుట్టూ మిర్చికి కట్టిన కోల్డ్ స్టోరేజీలు చూస్తూ కూడా చేతకాదని ఎలా అంటాం?

ఒక జాగ్రత్త తప్పదు. సర్టిఫికెట్‌లో ఒక మాట, ప్రార్థనలో ఒక మాట ఉన్న కుటుంబం కాగితాలు బయటపెట్టడానికి జంకితే అది న్యాయమైన భయం. దాచడం వేరు, చూపించడం వేరు. ఎన్నేళ్లు ఎవరికీ చూపకూడదో రాసిన ఒప్పందంతో పెట్టె మూసి అప్పగించే పద్ధతి ప్రపంచంలోని మంచి ఆర్కైవులన్నిటిలో ఉంది. ఆ గడువు కుటుంబమే చెప్పాలి, పరిశోధకుడు కాదు.

ఈలోగా ఇంట్లో చేయదగింది చేయవచ్చు. గుండుసూదులు, క్లిప్పులు తీసేయాలి. ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేవి అవే. ప్లాస్టిక్ కవర్లలోంచి బయటికి తీసి, నేలకు ఎత్తుగా, బయటి గోడకు ఆనకుండా పెట్టాలి. ఫ్యాక్సు కాగితాలకు ఈ వారమే రెండు వైపులా ఫొటో తీయాలి, అవి వచ్చే వేసవికి ఆగకపోవచ్చు. ఎవరు ఎవరికి రాశారో, ఫొటోలో నిలబడింది ఎవరో వెనక పెన్సిల్‌తోనే రాయాలి, పెన్నుతో కాదు. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే వాళ్ల పక్కన కూర్చుని రాయాలి. వాళ్ల మెయిలు ఏ ఫోను నంబరుకు ముడిపడి ఉందో, ఆ సిమ్ ఇంకా పనిచేస్తోందో లేదో కూడా అప్పుడే అడగండి.