మా వాడ బడికి తాళం పడితే వార్త కాదా?

మా మండలంలో ఒక మాదిగవాడ. ఆ వాడలో ఒక ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, ఒక వరండా, వాకిట్లో వేపచెట్టు. 2022లో జీవో 117 పుణ్యమా అని 3, 4, 5 తరగతుల పిల్లల్ని తీసుకుపోయి ఊళ్ళో హైస్కూల్లో కలిపారు. మిగిలింది ఒకటి, రెండు తరగతులు, ఒక్క టీచరు. ఆ టీచరుకి జ్వరమొస్తే బడికి తాళం. మండలంలో మీటింగంటే తాళం. ఎనిమిదేళ్ళ పిల్లలు పుస్తకాల సంచులు మోసుకుని లారీలు తిరిగే రోడ్డు దాటి పోవాల. తల్లులు కూలికి పోయేది పొద్దున ఏడింటికే. పిల్లల్ని రోడ్డు దాటించేదెవరు? రెండు నెలలు తిరక్కముందే ఆడపిల్లలు ముగ్గురు మానేశారు. ఒకమ్మాయి తమ్ముణ్ణెత్తుకుని ఇంటికాడ ఉండిపోయింది. ఇద్దరు అమ్మల వెంట మిరపకోతకి పోయారు.

ఆ ఒక్క టీచర్ని నేనే. అందుకని ఈ సంపాదకీయం చల్లగా రాయడం నా చేత కాదు.

ఆ వాడ కుర్రాడే ఒకడు పెద్ద పత్రికకి మండల విలేకరి. డిగ్రీ చదివాడు. జీతమంటూ లేదు, అచ్చయిన వార్తని కొలిచి ఇంత అని చేతిలో పెడతారు. పండగలకీ పబ్బాలకీ ప్రకటనలు తెచ్చిపెట్టాల. తేకపోతే ఐడీ కార్డు ఉండదు. వాడొచ్చి తాళం ఫోటో తీసుకున్నాడు. తల్లులతో మాట్లాడాడు, నాతోనూ మాట్లాడాడు. వార్త పంపాడు. మూడు రోజులు చూశాం. రాలేదు. ఆ మూడు రోజులూ జిల్లా పేజీలో సగం ఒక ప్రైవేటు స్కూలుది. నవ్వే పిల్లల ఫోటోలు, కింద ర్యాంకులు. నాలుగో రోజు వచ్చింది వార్త. పైన పెద్దక్షరాలు: పిల్లలు లేక వెలవెలబోతున్న సర్కారు బడులు. అందులో మా బడి ఫోటో ఉంది. తాళం అదే తాళం. అది ఎందుకు పడిందో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ వారంలోనే నాకు మెమో వచ్చింది, అనుమతి లేకుండా పత్రికలవాళ్ళతో ఎందుకు మాట్లాడావని.

2025లో ఆ జీవో రద్దయింది. కొత్త పేర్లతో కొత్త రకం బడులు వచ్చాయి. మంచిదే. మానేసిన ముగ్గురిలో ఒకమ్మాయి తిరిగొచ్చింది. మిగతా ఇద్దరి సంగతి ఏ జీవోలోనూ లేదు.

మిత్రులారా, బడినీ పత్రికనీ రాజ్యమేలేవాళ్ళు ఎట్టా చూస్తారనేది మన ఉద్యమం పుట్టినప్పటినించీ అడుగుతున్న ప్రశ్నే. 1882లో హంటర్ కమిషన్‌కి జోతిరావు ఫూలే ఏం చెప్పాడు? పన్ను కట్టేది చెమటోడ్చే రైతు, ఆ డబ్బుతో పై చదువులు చదివేది పై కులాల పిల్లలు, కాబట్టి ముందు ఊరి బడి మీద ఖర్చు పెట్టండన్నాడు. 1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు డబ్బులిస్తామన్నా 'కేసరి' దాని ప్రకటన వేసుకోలేదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ ఒక పక్క ఆది హిందూ బడులు నడిపాడు, ఇంకో పక్క 'భాగ్యనగర్' పత్రిక నడిపాడు. ఉన్న నాలుగు రూపాయలూ బడికే పెట్టొచ్చు గదా, పత్రిక దేనికి? ఈ ప్రశ్నకి జవాబు నేను పుస్తకాల్లో చదవలేదు. మా అమ్మ దగ్గర చూశాను.

మాది నెల్లూరు జిల్లా మెట్ట. 1991లో జిల్లా అంతటా అక్షరాస్యత ఉద్యమం నడిచింది. నాకప్పుడు పదకొండేళ్ళు. అమ్మ పగలంతా కలుపుకి పోయొచ్చి, సంగటి గెలికి మాకు పెట్టి, వీధిలైటు కిందికి పలక పట్టుకుని పోయేది. మగోళ్ళు నవ్వేవాళ్ళు, ముసలిదానికి చదువేందని. ఆమెకప్పటికి ముప్పయ్యేళ్ళు. ఆ వాచకాల్లో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. ఊరి ఆడవాళ్ళంతా కూడి సారాయి కొట్టు మూయించిన కథ. కలిగిరి పక్క దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి పలకలు మూసి పడుకోలేదు, చేసి చూపించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో అది ఊరూరా అంటుకుంది. నెల్లూరులో సారాయి వేలంపాట పెట్టడం, ఆడవాళ్ళు మీదికి రావడం, వాయిదా వేయడం, మళ్ళీ పెట్టడం. ఇదే వరస. ఆ ఆడవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ, వెనకబడిన కులాల కూలి ఆడవాళ్ళే. మొగుడి కూలి ఎటు పోతున్నదో అందరికంటే ముందు తెలిసేది వాళ్ళకే గదా.

సారాయిని పాకెట్లలో పోసి 'వారుణి వాహిని' అని అందమైన పేరు పెట్టి ఊరి మీదికి వదిలింది ప్రభుత్వమే. 1970-71లో 39 కోట్ల రూపాయలున్న ఆబ్కారీ రాబడి 1991-92కి 812 కోట్లయింది. పలకలు పంచిందీ ఆ ప్రభుత్వమే. వేలిముద్ర పోయి సంతకం వస్తుంది, అక్షరాస్యత శాతం పెరిగిందని ఢిల్లీకి లెక్క చెప్పుకోవచ్చు అనుకున్నారు. చదివింది అర్థం చేసుకుని ఈ ఆడోళ్ళు కొట్టు మీదికి వస్తారని కలగనలేదు. కాంట్రాక్టర్లు మొత్తుకున్నారు. సర్కారు ఏం చేసింది? ఆ పాఠాలున్న వాచకాన్ని వెనక్కి తీసుకుంది. సారాయి కొట్టు కన్నా ముందు మూతపడింది పాఠం!

ఇంక పత్రికల సంగతి. ఆ రోజుల్లో 'ఈనాడు' ఆ ఉద్యమానికి రోజూ ప్రత్యేకంగా చోటిచ్చింది. మేలు జరిగింది, కాదనం. పక్క మండలంలో ఆడవాళ్ళు ఏం చేశారో మా అమ్మోళ్ళకి తెలిసింది పేపరు వల్లే. టీకొట్టు మీద నిన్నటి పేపరు అడిగి తెచ్చేది నేను. అమ్మ వేలు పెట్టి కూడబలుక్కుని చదివేది, తడబడితే నేను అందించేది. అప్పుడు గదిలో పదిమంది ఆడవాళ్ళుండేవాళ్ళు. బడి నేర్పిన అక్షరానికి పని దొరికింది ఆ పేపర్లోనే. అయితే ఒకటి మరవొద్దు. అప్పుడు గద్దె మీదున్న పార్టీకీ ఆ పత్రికకీ పడదు. మన కొట్లాట వాళ్ళ కొట్లాటకి కలిసొచ్చింది. 1993 ఏప్రిల్ 15 నించి మా జిల్లాలో, అక్టోబర్ 1 నించి రాష్ట్రమంతా సారాయి బంద్ అయింది. 1995 జనవరి 16 నించి మొత్తం మద్యమే బంద్ అన్నారు. 1997లో ఎత్తేశారు. నేనప్పుడు కాలేజీ లైబ్రరీలో పేపర్లన్నీ తిరగేసేదాకా కూర్చునే వయసులో ఉన్నా. ఖజానాకి ఎంత నష్టమో లెక్కలు కనబడ్డాయి, దొంగసారా కథలు కనబడ్డాయి. దూబగుంట ఆడోళ్ళు ఏమంటున్నారని ఎవరన్నా మొదటి పేజీలో అడిగారేమోనని వెతుక్కున్నా. నాకైతే కనబడలేదు. మా అమ్మ మళ్ళీ పేపరు అడగలేదు.

ఆ 1992లోనే ఇంకొకటి జరిగింది. మా జిల్లా మనిషే అయిన ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దన్ రెడ్డి సర్కారు ప్రైవేటు వైద్య కళాశాలలకి ఇచ్చిన అనుమతుల్ని హైకోర్టు కొట్టేసింది. ఆ దెబ్బకి ఆయన అక్టోబర్‌లో కుర్చీ దిగాడు. వీధిలైటు కింద పలక మాకు, డబ్బు మూటలు పోసి కొనుక్కునే డాక్టరు సీటు వాళ్ళకి. రెండు చదువులూ ఒకే ప్రభుత్వం చేతి మీదగానే నడిచాయి. మేము పలకలు పట్టిన 1991లోనే ఆగస్టు 6న చుండూరులో 8 మంది మనవాళ్ళని నరికి చంపారు. మొదలేంది? చదువుకున్న దళిత కుర్రాడి కాలు సినిమా హాల్లో పైకులపోడికి తగిలిందని. చదువు వస్తే కాలు ముడుచుకుని కూర్చోడు, అదీ వాళ్ళ బాధ. 2014లో హైకోర్టు ముద్దాయిలందర్నీ వదిలేసింది. చంపినోడికీ చచ్చినోడికీ కలిపి 'ఇరువర్గాల ఘర్షణ' అని రాసే అలవాటు పేపర్లకి ఇప్పటికీ పోలేదు.

ఎందుకు పోలేదు? రాసే బల్ల దగ్గర మనం లేం. 2006లో ఢిల్లీలో ఇంగ్లీషు, హిందీ పత్రికలూ టీవీలూ కలిపి 37 సంస్థల్లో నిర్ణయాలు చేసే 315 మంది కులం లెక్క తీశారు. దళితుడు ఒక్కడు లేడు. ఆదివాసీ ఒక్కడు లేడు. పదమూడేళ్ళు పోయినాక 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ వాళ్ళు మళ్ళీ చూశారు. 121 పెద్ద కుర్చీల్లో 106 అగ్రకులాలవి. ఎస్సీ, ఎస్టీలవి సున్నా. మన తెలుగు పేపర్లలో ఏ పత్రిక ఏ పార్టీదో రచ్చబండ మీద చిన్నపిల్లోడు కూడా చెప్తాడు. ఏ పత్రిక మనదో చెప్పమనండి. మా విలేకరి కుర్రాడు తాళం దగ్గరికి రాగలిగాడు గానీ శీర్షిక దగ్గరికి పోలేకపోయాడు.

ఇంగ్లీషు మీడియం గొడవ గుర్తుందా? 2019 నవంబర్‌లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం అని జీవో 81 ఇచ్చారు. పేపర్లలో ఎంత ఏడుపు! అమ్మభాష చచ్చిపోతుందని సంపాదకీయాలు, కవులూ పండితులూ వ్యాసాలు. ఆ ఏడ్చినవాళ్ళ మనవళ్ళు ఏ మీడియంలో చదువుతున్నారో ఆ వ్యాసాల కింద వేసి ఉంటే ఎంత బాగుండేది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవో కొట్టేసింది. తరువాత ప్రభుత్వం తల్లిదండ్రుల్ని అడిగితే నూటికి 96 మంది ఇంగ్లీషే కావాలన్నారు. నేను తెలుగులో పాఠం చెప్పే మనిషిని, తెలుగులో ఈ పత్రిక రాసే మనిషిని. తెలుగు మీద నాకు ప్రేమ లేక కాదు. ఆ భాషని కాపాడే బరువంతా మాదిగపిల్ల నెత్తినే ఎందుకు పెట్టారని అడుగుతున్నా. అట్లాగని ఇచ్చినవాళ్ళని మెచ్చుకునేదీ లేదు. బోర్డు మార్చి, ఆ ఇంగ్లీషు చెప్పే టీచర్ని ఇవ్వకుండా రెండేళ్ళకే ఉన్న తరగతుల్ని ఎత్తుకుపోయారు.

ఇప్పటి నాయకులకి బడి అంటే పేరు పెట్టుకునే చోటు. జగనన్న గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ భోజనం వచ్చింది. విద్యా కానుక పోయి విద్యార్థి మిత్ర వచ్చింది. అమ్మఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. సంచి మీద బొమ్మ మారింది, బెల్టు మీద రంగు మారింది. మా బడిలో పప్పు మాత్రం పాత పప్పే. పత్రికల మీదా వాళ్ళది అదే చూపు. 2007లో జీవో 938, 2019లో జీవో 2430, రాసినవాడి మీద కేసులు పెట్టమని అధికారులకి పవరిచ్చాయి. రెండుసార్లూ గద్దె మీద పార్టీలు వేరు, చెయ్యి ఒకటే. పత్రికలు గోల పెట్టాయి, పెట్టాల్సిందే, మేమూ ఖండిస్తున్నాం. కానీ 1964 నాటి ప్రవర్తనా నియమావళి చూపించి మా టీచర్ల నోరు నొక్కినప్పుడు ఆ స్వేచ్ఛ ఎవరికీ గుర్తురాదేం?

మన తప్పూ చెప్పుకోవాల. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు, సర్కారు జీతం తీసుకునేవాళ్ళంతా తమ పిల్లల్ని సర్కారు బడికే పంపాలని తీర్పిచ్చింది. అది అమలైన ఊరు నేను చూడలేదు. నా కూతురే ఐదో తరగతి దాకా ప్రైవేటులో చదివింది. రిజర్వేషన్ మీద ఉద్యోగమొచ్చిన మనం వాడ బడి నుంచి పిల్లల్ని తీసేసినాక, ఆ బడి కోసం ఎమ్మార్వోని గట్టిగా అడిగే నోరు వాడలో ఎవరికి మిగిలింది? ఈ మాట మా ఇంట్లో అయినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆరో తరగతికి ఆమెని మా హైస్కూల్లోనే చేర్చాను. ఆలస్యంగా చేసిన పని, గొప్ప కాదు.

ఇప్పుడు చేయాల్సిన పని చెప్తాను. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది పిల్లల తల్లిదండ్రులే ఉండాల, సగం మంది ఆడవాళ్ళుండాల. మన వాడల్లో ఆ కమిటీ కాగితం మీద ఉంటుంది, సంతకాలు ఇంటికొచ్చి తీసుకుపోతారు. ఇకనించి బళ్ళోనే కూర్చుని, మినిట్స్ పుస్తకం చదివించుకుని, అప్పుడు సంతకం పెట్టండి. అరవై మంది లోపు పిల్లలున్నా ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లుండాలని అదే చట్టం చెప్తున్నది. ఒక్కరే ఉంటే తీర్మానం రాసి మండల విద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి, తెల్లరేషన్ కార్డు ఉంటే ఫీజు లేదు. ఆ తీర్మానం నకలు ఒకటి అంబేద్కర్ బొమ్మ దగ్గర గోడకి అంటించండి. చదవడం వచ్చిన పిల్లోడి చేత సాయంత్రం పైకి చదివించండి.

ఇంకో నకలు మాకు పంపండి. వచ్చే సంచికలో నాలుగు పేజీలు దానికే ఖాళీగా ఉంచాం. ఊరి పేరు, ఎన్ని తరగతులు, ఎందరు పిల్లలు, ఎందరు టీచర్లు, నెలలో ఎన్ని రోజులు తాళం. పోస్టు కార్డు మీద రాసినా చాలు, అక్షరాలు వంకరగా ఉన్నా చాలు. టీచర్లు రాస్తే పేరు వేయం. మెమోలొస్తాయి గదా.