పెరటి పంటలో పిట్టల పాలు

ఈ మాసమున మాకందిన జాబులలో మూడు ఒకే మొరను వినిపించినవి. ఏలూరినుండి యొక సోదరి, జామకాయ దోరకు రాకమునుపే చిలుకలు కొఱికి నేల రాల్చుచున్నవని వ్రాసినది. తాడేపల్లిగూడెమునుండి మఱియొకామె, కోతులమంద వచ్చి ఆనపపాదును పందిరితో సహా కూల్చిపోయినదని వాపోయినది. కొల్లేటి లంకయూరి కోడలొకర్తు, చెఱువుగట్టున వేసిన కందయు చేమయు పందికొక్కుల పాలైనవనియు, అత్తగారు మందు పెట్టుమనుచున్నారనియు, ఇంట పసివాడు ప్రాకుచున్నందున తనకు చేయాడకున్నదనియు తెలిపినది. ఈ మూడవ జాబు మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది. దానికి కొంచెము నిదానముగా బదులు చెప్పవలసియున్నది గనుక, ముందు తక్కిన రెంటి సంగతి చూతము.

తోట కావలివాని మొర నేటిది కాదు. సుందరకాండమున, సీతమ్మ జాడ తెలిసిన సంతోషమున మరలివచ్చుచున్న వానరులు సుగ్రీవుని మధువనమును జొచ్చి, తేనె త్రావి, కొమ్మలు విఱిచి, చిందులు త్రొక్కిరి. కావలియున్న దధిముఖుడు అడ్డువచ్చి దెబ్బలు తిని, సుగ్రీవునికడ మొఱపెట్టుకొనెను. సుగ్రీవుడు కోపింపక, కార్యము సఫలము గానిచో వీరింతకు తెగింపరని గ్రహించి సంతసించెను. ఆయన రాజు, ఒక వనము పోయిన వేఱొకటి కలదు. మనకున్నది నాలుగు పాదులు, రెండు చెట్లు. మనమందఱము దధిముఖుని పక్షమువారమే.

ఇక చిలుకల మాట. అవి తెల్లవాఱుచుండగను, ప్రొద్దు గ్రుంకుటకు ముందును గుంపులుగా వ్రాలును. ఒక కాయనైన పూర్తిగా తినవు. నాలుగు కొఱుకులు కొఱికి, దానిని వదలి మఱియొకదాని మీదికి పోవును. దిష్టిబొమ్మను నిలిపిన నాలుగు దినములు వెఱచి, అయిదవ దినమున దాని తలపైననే కూర్చుండును. తళతళలాడు రేకుముక్కలును, డబ్బాల చప్పుడును అంతియే. రెండుమూడు దినముల కొకతూరి చోటు మార్చుచున్ననే కొంత పనిచేయును. పట్టి పంజరమున బెట్టుద మందురా, అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. మన పెద్దల యిండ్లలో పంజరపుచిలుక యొక ముచ్చటగా నుండెడిది గాని, నేడు మన రామచిలుకను పట్టుటయు, అమ్ముటయు, పెంచుటయు నేరము.

వీని కన్నిటికంటె మేలైనది సంచి. కాయ నిమ్మకాయంత కాగానే దానికొక సంచి తొడిగి, తొడిమ నొక్కుకొనకుండ వదులుగా దారము కట్టుడు. నీరు నిలువకుండ అడుగున చిన్న రంధ్రముంచుడు. బడిపంతులుగారి యిల్లు గనుక మాకు దిద్దిన పరీక్షకాగితములకు కొఱతలేదు. వానితోనే సంచులు చేయుచున్నాము. వానకు తడిసినచో మార్చవలసివచ్చును. పాతచీర పలుచని గుడ్డతో కుట్టినవి రెండు మూడు కాపులకు వచ్చును. జామను పాడుచేయు పండుఈగ కూడ సంచిలోనికి పోజాలదు గనుక ఒక పనికి రెండు లాభములు. చేతి కందని పైకొమ్మల కాయలను అట్లే విడువుడు. అవి చిలుకల పాలు.

వల విషయమున మేము చేసిన తప్పును దాచక చెప్పెదము. రెండేండ్ల క్రిందట, చేపలచెఱువువారు పనికిరాదని పాఱవేసిన సన్నని నైలాను వలను తెప్పించి, జామచెట్టుపై వదులుగా కప్పితిమి. రెండు దినములు చిలుకలు దరిజేరలేదు. మా తెలివికి మేమే మురిసితిమి. మూడవనాటి యుదయమున చూడగా, పికిలిపిట్ట యొకటి కాలును ఱెక్కయు చిక్కుకొని, తలక్రిందుగా వ్రేలాడుచు చచ్చియుండెను. దాని గూడు మా మల్లెపొదలోనే యున్నది. అందు రెండు పిల్లలు. జతపక్షి యొంటరిగా పురుగులు తెచ్చి మేపినది గాని, రెంటిలో నొకటియే యెగిరినది. పికిలి పండు తినుననుట నిజమే. కాని తన పిల్లలకు పురుగులను ఏఱితెచ్చి పెట్టును. అనగా జామకాయల కొఱకు మా కూరపాదుల పురుగులను ఏఱు పనికత్తెనే చంపుకొంటిమి. ఆనాడు మా యత్తగా రొక్కమాటయైన అనలేదు. వలను తామే విప్పి, చుట్టి, అటకపై బెట్టిరి. ఆ మౌనము మాకు చాలినది.

కావున వల వేయగోరువారు ఈ నాలుగు సంగతులు తప్పక పాటింపవలెను. కంటికి కనబడని సన్నని దారపువల కూడదు. తెల్లని లావుదారపు వల మేలు. కన్నులు చిటికెనవ్రేలు దూఱనంత చిన్నవిగా నుండవలెను. వెదురుబద్దల చట్రము కట్టి దానిపై బిగువుగా లాగి, అంచులను నేలకు గూటములతో బిగింపవలెను; క్రింద మడతలు పడియున్న యెడల ఎలుకలను తిను జెఱ్ఱిపోతు అందు చిక్కి చచ్చును. ఉదయ సాయంకాలములు రెండును చూచుచు, కాపు ముగిసిన నాడే తీసివేయవలెను.

కోతులలో మన దేశమున రెండు జాతులు ఎక్కువగా కనబడును. నడినెత్తిని టోపీ పెట్టినట్లు జుట్టుండునది దక్షిణాదిది, ఎఱ్ఱమూతిది ఉత్తరాదిది. వెనుక గోదావరి యీ రెంటికిని పొలిమేరగా నుండెడిది. తరువాత ఎఱ్ఱమూతికోతి నదిని దాటి దక్షిణమునకు విస్తరించుచున్నది. అడవిలో పండు తఱిగి, త్రోవప్రక్కల చెట్లు తఱిగి, ఊళ్లలో తిండి పెరుగుటయే వీని రాకకు మూలము. గుడిమెట్లకడ అరటిపండు చేతికిచ్చు పుణ్యాత్మురాలే మఱునాడు తన పాదుపోయినదని యేడ్చుచుండును. చేతితో పెట్టిన కోతి మనుష్యునకు వెఱచుట మఱచును. కావున పెట్టకుడు, ఎంగిలాకులను, తొక్కలను మూతలేని తొట్టిలో వేయకుడు.

కోతుల రాకపోకలున్న పెరటిలో ఏమి నాటుదు మనునది కూడ ముఖ్యము. పసుపు, అల్లము, మిరప, కరివేప, నిమ్మ, కాకర మొదలైన వానిని అవి సాధారణముగా జోలికి పోవు. బెండ, టమాటా, ఆనప, బొప్పాయి వంటి వానిని ఇంటి గోడకు దగ్గఱగా వేసి, చుట్టును మీదను తీగెవలతో గది వలె కట్టినగాని దక్కవు. కోతి యెదురైనప్పుడు దాని కన్నులలోనికి చూడకుడు, పండ్లు కనబడునట్లు నవ్వకుడు. ఆ రెండును దానికి పోరునకు పిలుపులు. కఱచినను గీఱినను ఆ చోటును పావుగంటసేపు సబ్బుతో పాఱునీట కడిగి, వెంటనే వైద్యశాలకు పోయి పిచ్చికుక్క కాటునకు వేయు సూదిమందు వేయించుకొనవలెను. పసుపు అద్ది ఊరకుండుట ప్రమాదము.

పనిలో పనిగా గబ్బిలముల మాట. అవి రాత్రివేళ జామ, సపోటా, మామిడి పండ్లను కొఱికి క్రింద పడవేయును. 2018లో కేరళమున కోళిక్కోడు ప్రాంతమున నిపా జ్వరము పుట్టి ప్రాణములు తీసినది. ఆ రోగబీజము పండ్లుతిను గబ్బిలములలో నుండునని వైద్యులు చెప్పుచున్నారు. కొఱికిన పండును చెక్కి, తక్కినది బిడ్డ చేతిలో పెట్టు నలవాటును నేడే మానుడు. గాటు పడిన పండును పూడ్చివేయుడు. అంతమాత్రమున గబ్బిలములను తఱుమ బనిలేదు. ఇప్పపూవు కాయగట్టుటలో వాని సహాయము కలదు. కొబ్బరిచెట్లకు ఎలుకల బాధ యున్నవారు, నిలువెత్తునకు పైన మాను చుట్టును మూరెడు వెడల్పు రేకును కట్టింపవచ్చును. దానిపై కాలు నిలువదు. కాని ప్రక్కచెట్టు మట్టలు తగులుచున్నచో అది వ్యర్థము.

ఇక లంకయూరి సోదరికి. అమ్మా! నీ చేయి ఆడకపోవుట నీ మంచితనము కాదు, నీ వివేకము. నూకలలో కలిపి పెట్టు నల్లని పొడిమందు జింకుఫాస్ఫైడు. అది కడుపులోని పులుపుతో కలిసి విషవాయువగును. దానికి విఱుగుడుమం దింతవఱకు లేదు. గొట్టములలో అమ్ము ముద్దమందు కొన్నిటియందు భాస్వరముండును. అది కాలేయమును చెఱచును. ప్రాకు బిడ్డకు నేలపైనున్న నూక యైనను బియ్యమైనను ఒక్కటియే. నిదానముగా చంపు మందులును కలవు. వానిని తిన్న యెలుక రెండు మూడు దినములు తూలుచు తిరుగుటచే పిల్లియు గుడ్లగూబయు దానిని తిని తామును చచ్చును. అప్పుడు మిగిలిన పందికొక్కులకు శత్రువే యుండదు.

ఇట్లు చేసిచూడుము. సాయంకాలము గట్టుపైనున్న కన్నములన్నిటిని మట్టితో మూయుము. తెల్లవాఱి యేవి తెఱచుకొన్నవో, ఏవి క్రొత్తమట్టి కుప్పతో నున్నవో, అవియే కాపురమున్నవి. వానికడ బోనులుంచి, మూడు దినములు తలుపు పడకుండ కట్టి, వేయించిన వేరుసెనగగాని యెండుకొబ్బరిగాని పెట్టుము. పందికొక్కు క్రొత్తవస్తువును అనుమానించును. నమ్మిక కుదిరిన నాల్గవనాడు తలుపు విప్పిన పడును. వరిచేలలో ఎలుకబుట్టలు పెట్టువారు మన డెల్టాలో నున్నారు. కూలి యిచ్చి పిలిపించుము. గట్టుమీది గడ్డిమేటులను, కొబ్బరిడొక్కల కుప్పలను తీసివేయింపుము. క్రొత్తగా వేయు మడిచుట్టును తీగెవలను మూరెడు లోతున పాతింపుము. ఊరిన దుంపను నేలలో నిలువయుంచక త్రవ్వింపుము. తాటిచెట్టుమీద పైడికంటి కూసిన అపశకునమని రాళ్లు రువ్వనీయకుము. ఎలుకలే దాని నిత్యాహారము.

అత్తగారితో వాదింపకుము. “అత్తయ్యగారూ! బాబు నిలకడగా నడచువఱకైన బోనులతో చూతము” అనుము. మనుమని పేరు చెప్పిన ఏ నాయనమ్మ కాదనును? గట్టుచుట్టు విద్యుత్తు తీగె కట్టుదమని మగవారెవరైన అన్నచో మాత్రము మెత్తగా నుండకుము, గట్టిగా అడ్డుపడుము. అడవిపందికై కట్టిన తీగెకు మనుష్యులే బలియైన సంగతులు ఆంధ్రదేశమున పలుమార్లు జరిగినవి. అది చట్టరీత్యా నేరము కూడ.

మీ కొల్లేటి కథనే యొకటి చెప్పి ముగింతుము. 1946లో నీలకంఠన్ గారను పక్షిశాస్త్రజ్ఞులు కొల్లేటి ప్రాంతమున గూడబాతుల గూళ్లను చూచినప్పుడు అవి యించుమించు 3,000 పక్షులు. 1975 ప్రాంతమునకు ఆ తావు శూన్యమైనది. తరువాత సరస్సులోనే చేపలచెఱువులు పెరిగినవి. 1999లో ప్రభుత్వమువారు దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రాంసర్ ఒడంబడిక జాబితాలో చేరినది. 2006లో అక్రమముగా వేసిన గట్లను కొట్టించిరి. నేడు కైకలూరు చెంత ఆటపాకలో, మనుష్యులు నిలిపిన ఇనుపమంచెలపై గూడబాతులు మరల గూళ్లు కట్టుచున్నవి. చోటు తీసికొన్నవారము మనమే, కొంత తిరిగి యిచ్చినవారమును మనమే.

గృహస్థునకు విధించిన అయిదు యజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. వండినదానిలో నోరులేని ప్రాణులకు కొంత తీసిపెట్టుట దాని భావము. తీసిపెట్టుట వేఱు, దోచుకొననిచ్చుట వేఱు; సంచియు బోనును తప్పు కావు. మన గోదావరిసీమలో క్రొత్తపంట రాగానే వరికంకులను కుచ్చుగా అల్లి చూరున కట్టుదురు గదా! మా యింట ఆ పని మా యత్తగారిది. వలను అటక యెక్కించిన యేడు ఆమె కుచ్చు అల్లి, ఎప్పటివలె వీధివాకిట గాక, మా మల్లెపొద కెదురుగా కట్టిరి. పిచ్చుకలు వచ్చుచున్నవి. పికిలి కంకులు తినదు గాని, మఱుసటి యేడు ఆ పొదలోనే మరల గూడు కట్టినది.

మీ పెరటి యనుభవములను మాకు వ్రాయుడు. వచ్చు మాసమున వానకాలపు ఆకుకూరల మడులనుగూర్చి ముచ్చటింతము.