తట్టు గుర్తింపులో తొలి నాలుగు రోజులే కీలకం

గొలుగొండ: జ్వరం వచ్చిన బిడ్డకు మాత్రలు వేస్తారు. మూడు నాలుగు రోజులకు చెవుల వెనుక ఎర్రని దద్దుర్లు తేలుతాయి. మందు వేడి చేసిందని ఇంట్లోవారు, ఎలర్జీ అని ఆర్‌ఎంపీ వైద్యుడు సరిపెట్టుకుంటారు. తట్టు వ్యాధి వైద్యుల కళ్లుగప్పేది సరిగ్గా ఇక్కడే.

దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచి, వచ్చాక మరో నాలుగు రోజుల వరకు రోగి నుంచి వైరస్ వ్యాపిస్తుంది. రోగి వెళ్లిపోయినా రెండు గంటల దాకా గదిలోని గాలిలో నిలుస్తుంది. రోగనిరోధక శక్తి లేనివారు పది మంది దగ్గరగా మెలిగితే తొమ్మిది మందికి సోకుతుంది. అంటే, పేరు పెట్టేలోపే వ్యాధి సగం దూరం ప్రయాణించి ఉంటుంది. అందుకే దద్దుర్ల కోసం ఎదురుచూడకుండా జ్వరంతోపాటు దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం ఉంటే బుగ్గల లోపలి వైపు పరిశీలించాలి. అక్కడ ఉప్పు రవ్వల్లాంటి తెల్లని మచ్చలుంటే దాదాపు తట్టేనని భావించాలి. దద్దుర్లు ముఖం నుంచి కిందికి పాకడం మరో గుర్తు.

అనుమానం కలిగిన వెంటనే బిడ్డను వేచివుండే గదిలో అందరి మధ్య కూర్చోబెట్టకుండా వేరు చేయాలి. రక్త నమూనా తీయించి, పీహెచ్‌సీ ద్వారా పైకి సమాచారం పంపాలి. ఫలితం వచ్చేదాకా చికిత్స ఆపనక్కర్లేదు. వైరస్‌ను చంపే మందు లేదు గానీ, ఏ విటమిన్ చూపును, ప్రాణాన్ని కాపాడుతుంది. ఏడాది దాటిన పిల్లలకు రెండు లక్షల యూనిట్లు, ఆరు నుంచి పదకొండు నెలల వారికి లక్ష, అంతకంటే చిన్నవారికి 50 వేల యూనిట్ల చొప్పున వరుసగా రెండు రోజులు ఇవ్వాలి. యాంటీబయాటిక్ న్యుమోనియా వంటి ఇబ్బందులు తలెత్తినప్పుడే. ఎగశ్వాస, మగత, ఆగని విరేచనాలు కనిపిస్తే నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి తరలించడంలో జాప్యం తగదు.

అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టే ఆచారాన్ని ఎగతాళి చేయనవసరం లేదు. పరాయివారిని దూరంగా ఉంచే మేలు అందులో ఉంది. ఆ పేరుతో ఆసుపత్రి మానిపించడం, పథ్యమంటూ తిండి తగ్గించడమే ప్రమాదం. పోషణ లేని బిడ్డపైనే తట్టు ఎక్కువగా విరుచుకుపడుతుంది.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో గొలుగొండ అనకాపల్లిలోకి, పక్కనున్న కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. సంతలకు, బంధువుల ఇళ్లకు రాకపోకలు మాత్రం మారలేదు. నాలుగు వారాల్లో ఒక బ్లాకులో ఐదు అనుమానిత కేసులు వస్తే వ్యాప్తిగా పరిగణిస్తారు. ఇటు మూడు, అటు రెండు నమోదైతే ఎవరి లెక్కలోనూ అది వ్యాప్తి కాదు. కృష్ణదేవిపేట వైపు పనిచేసే ఏఎన్‌ఎంలు అవతలి మండలం వారితో నేరుగా మాట్లాడుకుంటే తప్ప ఈ లోపం పూడదు.

ఉమ్మడి విశాఖతో సహా రాష్ట్రమంతటా 2017 ఆగస్టులో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్లలోపు వారికి తట్టు, రుబెల్లా టీకా ప్రచారం చేపట్టారు. దేశంలో వ్యాధి నిర్మూలనకు పెట్టుకున్న 2023 గడువు నెరవేరక 2026కు జరిగింది. 2022లో ముంబయిలో తట్టు విజృంభించి పిల్లల ప్రాణాలు తీసింది. టీకా అందని పిల్లలు ఒకేచోట పోగుపడితే ఏమవుతుందో అక్కడ తేలింది. వ్యాప్తిని ఆపాలంటే 95 శాతం మందికి రెండు డోసులూ పడాలి. తొమ్మిది నెలలకు వేసే మొదటి డోసు తర్వాత, 16 నుంచి 24 నెలల మధ్య వేయాల్సిన రెండోది వలస కుటుంబాల్లో తప్పిపోయే అవకాశం ఎక్కువ. కేసు బయటపడిన ఇంటి చుట్టుపక్కల ఆశా కార్యకర్త ముందుగా అడగాల్సింది ఆ రెండో డోసు గురించే. రోగితో మెలిగిన 72 గంటల్లోగా టీకా వేస్తే వ్యాధి రాకుండా ఆపే వీలుంది.