పది కిలోల చేప, 235 కిలోల సర్పం

పోకెమాన్ అనే వీడియో ఆటలో 'మాజికార్ప్' అన్న చేప ఉన్నది. మన బొచ్చె, శీలావతుల కుటుంబానిదే. బరువు 10 కిలోలు. 20వ స్థాయికి చేరగానే రెప్పపాటులో 235 కిలోల 'గ్యారడోస్' సర్పమవుతుంది. ఆ మిగిలిన మాంసం ఏ మేతతో వచ్చిందని కైకలూరు చెరువు రైతును అడిగితే నవ్వుతాడు.

ఈ మార్పును ఆటలో 'పరిణామం' అంటున్నారు. తెలుగు చెప్పేవాడికి జీవశాస్త్రంతో పనేమని అడగవచ్చు. మాట అర్థం చెడినప్పుడు పని ఉన్నది. తోకకప్ప కప్పయినట్లు, ఒకే ప్రాణి రూపు మారడం రూపవిక్రియ. పరిణామం తరతరాలుగా జాతికి కలిగేది. కొల్లేటి కొరమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చగలదు. ప్రాణవాయువు కొరవడిన బురదనీటిలోనూ బ్రతుకుతుంది. ఆ శక్తిని ఏ ఒక్క చేపా పోరాడి గెలుచుకోలేదు. అట్టి నీటిలో గాలి పీల్చలేనివి నశించి, కొంతైనా పీల్చగలిగినవి సంతతిని నిలుపగా, లెక్కలేనన్ని తరాలకు స్థిరపడిన గుణమది.

అయినా ఈ ఆటను నిషేధించాలనే పెద్దలతో నేను ఏకీభవించను. 1996లో జపానులో వెలువడిన దీని రూపకర్త సతోషి తజిరి బాల్యంలో పురుగులను సేకరించినవాడు. ఆటలోని 'పోలివాగ్' పొట్టమీది సుడి, తోకకప్ప పలుచని చర్మంలోంచి కనిపించే ప్రేగుల చుట్టే! కన్నులారా చూచినవారే అట్లు ఊహించగలరు. మన వైజ్ఞానిక ప్రదర్శనలో కొల్లేటికి తగిన వింతజీవిని కల్పించే అవకాశాన్ని విద్యార్థులకు కమిటీవారు ఇవ్వాలి. షరతు ఒక్కటే: అది ఏమి తింటుందో, ఎట్లు ఊపిరి తీస్తుందో, దానిని ఏది తింటుందో వ్రాయాలి.