మద్దెల ఓడే కావచ్చు!

"ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెత తెలియని తెలుగువాడుండడు. చేతగానివాడు పనిముట్టును తిడతాడని దాని భావం. సామెత మంచిదే. కాని దాన్ని అడ్డం పెట్టుకొని, నిజంగా ఓడైన మద్దెలను కూడా వెనకేసుకొస్తే నష్టపోయేది ఆడేవాడే. మా చండ్రుగొండ వైపు పెళ్లి బ్యాండుల్లో సాక్సోఫోన్ వాయించే కుర్రవాళ్లను చూశాక ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

మా చిన్నాన్న కొడుకు ఒక బ్యాండులో సాక్సోఫోన్ వాయిస్తాడు. పోయిన వేసవిలో ఒక బరాతులో వాడి వాద్యం పాట మధ్యలో రెండుసార్లు కీచుమన్నది. కింది స్వరాలు అసలు పలకలేదు, గాలి బుసబుస తప్ప. "నీకు దమ్ము లేదురా, పోయి తాళం కొట్టుకో" అన్నాడు మాస్టరు నలుగురిలో. వాడు ఇంటికొచ్చి పెట్టెను అటక మీద పడేశాడు. నాకు క్లారినెట్‌తో కొంచెం పరిచయం ఉంది గనుక దింపి చూశాను. మౌత్‌పీస్ నోరు బాగా వెడల్పుది. దాని మీద కట్టింది నాలుగో నంబరు రీడు! "ఇదేందిరా?" అంటే, "పెద్ద నంబరైతే పెద్ద సౌండొస్తదన్నారన్నా" అన్నాడు. రెండున్నర నంబరుది తెప్పించి కట్టాం. వారం తిరక్కుండా అదే కుర్రవాడు, అదే దమ్ముతో, కింది స్వరాల దాకా నిండుగా పలికించాడు. మరి లోపం ఎవరిదనాలి?

సాక్సోఫోన్ ఒళ్లంతా ఇత్తడి. ప్రాణం మాత్రం ఒక గడ్డిపరక. అడాల్ఫ్ సాక్స్ అనే బెల్జియం దేశస్థుడు 1846లో పారిస్‌లో దీనికి పేటెంటు పొందాడు. దీని రీడును అరుండో డోనాక్స్ అనే మొక్క కాండంతో చేస్తారు. మన అడవిలోని వెదురులాగే అదీ గడ్డికుటుంబానిదే. దక్షిణ ఫ్రాన్సులోని వార్ ప్రాంతం దాని సాగుకు పేరుపొందింది. మౌత్‌పీస్‌కూ రీడు కొసకూ నడుమ సన్నని సందు ఉంటుంది. మనం ఊదితే రీడు ఆ సందులో కొట్టుకొని గాలిని నాదం చేస్తుంది. రహస్యమంతా ఆ సందులోనే ఉన్నది.

సందు వెడల్పైతే రీడు ఎక్కువ దూరం వంగాలి కాబట్టి మెత్తనిది కావాలి. సందు ఇరుకైతే కొంచెం గట్టిది కావాలి. శాస్త్రీయ వాదనకు చాలామంది వాడే సెల్మర్ ఎస్80 సీ స్టార్ ఆల్టో మౌత్‌పీస్‌లో ఈ సందు 1.70 మిల్లీమీటర్లు. జాజ్ వాళ్లు మెచ్చే ఆటో లింక్ సెవెన్ స్టార్ టెనర్‌లో సుమారు 2.67. రెంటికీ ఒకే రీడు పెడతానంటే, ఎడ్లబండికీ సైకిలుకూ ఒకే చక్రం వేసినట్లుంటుంది. రీడు మరీ గట్టిదైతే గాలి చప్పుడు, దవడనొప్పి, పలకని మంద్రం. మరీ మెత్తనిదైతే సన్నని పలుకు, పై స్వరాలలో శ్రుతి దిగడం, గట్టిగా ఊదితే మూసుకుపోవడం. ఈ లక్షణాలు తెలిసినవాడు రోగం ఇట్టే పట్టేస్తాడు.

ఇంకొక అపోహ. నంబరు అంటే మందం అనుకుంటారు, కాదు. ఒకే రకంలో అన్నిటినీ ఒకే కొలతకు చెక్కి, కాండం బిరుసును బట్టి నంబరు వేస్తారు. ఒక కంపెనీ మూడు మరో కంపెనీ మూడుతో సమానమూ కాదు. కనుక పెద్ద నంబరు మగతనానికి గుర్తు కాదు, చిన్న నంబరు చేతగానితనానికి గుర్తూ కాదు. గుండెభాగంలో కండ ఎక్కువున్న రీడు గంభీరంగా పలుకుతుంది, తక్కువున్నది పదునుగా, మెరుపుగా పలుకుతుంది. మౌత్‌పీస్ సహజంగానే పదునుగా అరిచేదైతే కండ ఉన్న రీడు కట్టి దాన్ని సముదాయించాలి. ముందు ఏ నాదం కావాలో చెవికి తెలియాలి. ఆ తర్వాతే కొనుగోలు.

"నేర్చినవాడికి ఏ రీడైనా ఒకటే" అనే పెద్దలున్నారు. వారికి ఒక్క మనవి. నాదస్వర విద్వాంసుని వాద్యాన్ని ఎప్పుడైనా పరికించారా? దానికి పీకల గుత్తి వేలాడుతూ ఉంటుంది. ప్రకాశం జిల్లా కరవది నుంచి శ్రీరంగం వెళ్లి, 1977లో పద్మశ్రీ అందుకున్న షేక్ చినమౌలానా అంతటివారు వాయించిన వాద్యం కూడా పీక లేనిదే పలకదు. 1994లో లండన్ ఆల్బర్ట్ హాలులో, బీబీసీ ప్రామ్స్ ఉత్సవంలో సాక్సోఫోన్‌పై కర్ణాటక సంగీతం వినిపించిన కద్రి గోపాల్‌నాథ్ నాదస్వర విద్వాంసుని కుమారుడే. అంతెందుకు, మన డప్పు కళాకారుడు ఆటకు ముందు మంట వేసి డప్పు కాచుకుంటే ఎవరైనా చేతగానివాడంటామా? రీడు తడుపుకొని, సరిచూసుకొని కట్టడమూ అంతే.

మా వైపు ఎండలు కూడా లెక్కలోకి రావాలి. పెళ్లిళ్లు వేసవిలోనే ఎక్కువ. పాటకూ పాటకూ మధ్య రీడు ఎండి కొస అలలు తేలుతుంది. వానాకాలం తేమకు ఉబ్బుతుంది. మూడు నాలుగు రీడులు వంతులవారీగా వాడాలి, కొత్తదాన్ని మొదటి రోజు పది నిమిషాలకు మించి ఊదరాదు, వాయించాక తుడిచి గాజుపలక మీద ఆరబెట్టాలి. ఇవేవీ డబ్బు పని కావు, ఓపిక పని.

అసలు ఈ పెద్ద నంబర్ల పిచ్చి ఎందుకొచ్చింది? డీజే పెట్టెల వల్ల. వాటి హోరును మించాలని మన కుర్రవాళ్లు వెడల్పు నోరూ గట్టి రీడూ కట్టి పెదవులు చీల్చుకుంటున్నారు. హోరులో డీజేను ఏ మనిషి ఊపిరీ గెలవలేదు. గెలవగలిగేది నాదంలోనే. ఆ ఒక్కటీ వదులుకుంటే బ్యాండుమేళం బతకదు, దాన్ని నమ్ముకున్న కుటుంబాలూ బతకవు.

అందుకే మన విద్యార్థి సంఘానికి నా విన్నపం. వార్షికోత్సవానికి ఒక్క పూట సౌండు బాక్సులకిచ్చే అద్దెలో కొంత మిగిల్చి, సంగీతం గదిలో రెండు, రెండున్నర, మూడు నంబర్ల రీడులు ఉంచుదాం. మన ప్రాంతపు బ్యాండు కళాకారులను పిలిచి, రోడ్డు మీద నడిపించకుండా, వేదిక మీద కుర్చీలు వేసి కూర్చోబెట్టి విందాం. వాళ్లలో మన తోటి విద్యార్థుల నాన్నలు, అన్నలు ఉన్నారు.

మా తమ్ముడు మళ్లీ బ్యాండులోకి పోయాడు. వాడి వాద్యం అటక మీదే ఉండిపోతే, "దమ్ము లేనివాడు" అన్న పేరు జన్మంతా ఉండిపోయేది. ఎవరినైనా ఆ మాట అనేముందు, మిత్రులారా, ఒక్కసారి మద్దెలను కూడా తిప్పి చూద్దాం.